లోపల ఉన్నదానికి పూచీ ఎవరిది?

జూన్ 3, మంగళవారం

పొద్దున టిక్కు టిక్కుమని వినిపిస్తే గోడ గడియారం వైపు చూశాను. గడియారం కాదు. డిస్కు. కంప్యూటరు తెర మీద "నాన్న గొంతు" అని మా అమ్మాయి పేరు పెట్టిన పసుపు ఫోల్డరు బొమ్మ ఉండాలి. లేదు. తీగ పీకి మళ్లీ పెట్టాను. టిక్కు టిక్కు. లేదు.

ఇంకోసారి పీకి పెట్టాను. లేదు.

డిస్కు మీద కప్పిన ఉన్ని శాలువా తీసి, మడతపెట్టి బీరువాలో పెట్టేశాను. దుమ్ము పడకూడదని కప్పిందే. ఆ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ముందు గదిలోంచి ఆయన హారను మూడుసార్లు నొక్కారు. డ్రైవింగు నేర్పే కారు అమ్మేసినప్పుడు దానికున్న రబ్బరు బుడగ హారను మాత్రం కొన్నవాడికి ఇవ్వలేదు ఆయన. ఇప్పుడదే ఆయన నోరు. ఒకసారి నొక్కితే ఔను, రెండుసార్లు కాదు, మూడుసార్లు నేను రావాలి. మరీ పెద్ద మాటైతే పలక మీద రాస్తారు.

"ఏం లేదండీ, కాఫీ పెడుతున్నా" అన్నాను.

పాలు పొంగిపోయాయి.

జూన్ 4, బుధవారం

అమ్మాయికి ఫోను చేశాను. "ఏం చేశావమ్మా?" అంది. ఏమైందని అడగలేదు చూడు, ఏం చేశావని అడిగింది.

"నేనేం చేస్తాను? దాన్ని ముట్టుకోను కూడా."

"ఫోనులో నిండిపోయాయని అన్నీ అందులోకి ఎక్కించి ఇక్కడ చెరిపేశాం కదమ్మా. ఇంకోచోట కూడా ఉంచుదాం అంటే నువ్వే గొడవ చేశావు."

చేశాను. ఒక వస్తువు రెండుచోట్ల ఉంటే రెంటి మీదా కన్నుండదు. ఒక్కచోట ఉంటే కనిపెట్టుకుని ఉండొచ్చు. ఈ ఇంట్లో తాళాలు, మందులు, కాగితాలు అన్నీ ఒకే రేకుపెట్టెలో ఉంటాయి. ఈనాటిదాకా గుండుసూది కూడా పోలేదు. నా పద్ధతిలో తప్పేముంది?

నేను ముక్కు చీదడం అమ్మాయికి వినబడింది. "ఏడవకు, దానికి వారంటీ ఉంది. కంపెనీవాళ్లు చూసుకుంటారు" అంది.

నేను ఏడవలేదు. జలుబు.

జూన్ 5, గురువారం

వారంటీ ఉంది. వారంటీ ఉంది. పొద్దుటినుంచి అదే అనుకుంటున్నాను.

రేకుపెట్టెలో బిల్లు ఉంది. వారంటీ కార్డు ఉంది. డిస్కు వచ్చిన అట్టపెట్టె ఉంది, దానిలోపలి స్పాంజి ఉంది, కట్టిన ప్లాస్టిక్ కవరు కూడా ఉంది. చెత్త పోగేస్తానని వెక్కిరించేవాళ్లందరూ ఇప్పుడు రండి.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెప్పినా పట్టించుకోరేమో. ఆపరేషను అయ్యాక ఒక్కసారి కూడా ఆయన ఆ మాటలు వినలేదు. నేను వంటింట్లో పెట్టుకుంటే చెప్పులేసుకుని వీధిలోకి పోయేవారు. స్వరపేటిక తీసేస్తామని డాక్టరు చెప్పినప్పటినుంచి ఆసుపత్రిలో చేరేదాకా రోజూ ఫోను ముందు కూర్చుని, రికార్డు అయ్యేలా మాట్లాడింది ఆయనే. కూరగాయల కొట్లోకి కారు పోనిచ్చిన లావుపాటి వకీలు కథ. గ్యాసు బండ ఎలా మార్చాలో. కరెంటు బిల్లులో ఏ గీత చూడాలో. మధ్యమధ్యలో "ఏమోయ్, వింటున్నావా?" అని. 

ఆ "ఏమోయ్" కోసమే పెట్టుకునేదాన్ని. వకీలు కథ నాకు బట్టీ వచ్చు.

ఇదివరకు నా దిగుళ్లన్నీ ఆయన చెవిలో పోసేదాన్ని. ఆయన కసిరేవారు, నాకు తేలికయ్యేది. ఇప్పుడు కసిరే గొంతు లేదు. అందుకే ఈ డైరీ. ఇది కసరదు. ఏం లాభం.

జూన్ 9, సోమవారం

కంపెనీవాళ్ల సర్వీసు సెంటరుకు ఒక్కదాన్నే వెళ్లాను. దారంతా సంచి గుండెకు హత్తుకునే కూర్చున్నాను. బస్సు గోతిలో పడ్డప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది.

చీటీ ఇచ్చి కూర్చోమన్నారు. అద్దం వెనక ఒక అమ్మాయి, మెడలో పేరున్న బిళ్ల, ముక్కు మీద కళ్లజోడు. డిస్కు తిప్పితిప్పి చూసింది.

"బాగా వేడెక్కినట్టుందే మామ్మగారూ. ఇక్కడ స్టిక్కరు ముడుచుకుపోయింది చూడండి. గాలి ఆడని చోట పెట్టారా?"

"హాల్లో పెట్టాం. కిటికీ పక్కన."

కిటికీ పక్కనే పెట్టాం. అబద్ధం కాదు.

"మరి స్టిక్కరు ముడుచుకుపోతే వారంటీ..."

"స్టిక్కరు ముడుచుకుంటే మీ జిగురు మంచిది కాదని అర్థం. నన్నడుగుతావేం? డిస్కు పాడైంది. మీ కాగితం మీద ఇంకా గడువుంది. బిల్లు ఇదిగో. పెట్టె ఇదిగో. స్పాంజి కూడా తెచ్చాను, కావాలా?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. పెద్దాయన డిస్కు మీది నంబరు చూశాడు, బిల్లు చూశాడు, నన్ను చూశాడు. నేను కుర్చీలోంచి లేవనని అర్థమైనట్టుంది. "సరే, తీసుకోమ్మా" అన్నాడు ఆ అమ్మాయితో.

గెలిచాను! స్పాంజి మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

"ఎప్పటికి వినొచ్చు?" అని అడిగాను.

"ఏం వినాలి?"

"అందులో మా ఆయన గొంతుంది తల్లీ."

ఆ అమ్మాయి టైపు చేయడం ఆపేసింది. "మామ్మగారూ, ఇది బాగుచేసి ఇవ్వడం కాదండీ. దీన్ని మేం తీసేసుకుంటాం. బదులు ఇదే మోడలు ఇంకొకటి ఇస్తాం. ఖాళీది."

"ఖాళీది నాకెందుకు?"

"వారంటీ డిస్కుకేనండీ. లోపల ఉన్నదానికి కాదు."

"మరి లోపల ఉన్నది ఏమవుతుంది?"

ఆ అమ్మాయి ఏదో కాగితం తీయబోయింది. డిస్కు నీలం ట్రేలో పెట్టి ఉంది. అద్దం కింద సందులోంచి చెయ్యి దూర్చి లాక్కున్నాను. అద్దం అంచు మోచేతికి గీరుకుంది. "ఏయ్ ఏయ్" అన్నాడు కాపలావాడు. 

"నాదే. బిల్లు చూడు" అన్నాను.

జూన్ 10, మంగళవారం

ఆయనకు చెప్పేశాను. మోచేతికి మందు రాస్తూ అంతా విన్నారు. విని పలక మీద రాశారు: వదిలెయ్.

"వదలను."

పీప్ పీప్. కాదు.

"మీ హారను మీ దగ్గరే ఉంచుకోండి. వదలను అన్నాను."

పలక తుడిచి మళ్లీ రాశారు: గొంతు నాకే లేదు. నీకెందుకు?

"మీకు అక్కర్లేకపోతే మీరు వినకండి. వీధిలోకి పోండి, రోజూ పోతున్నారుగా. గొంతు మీదే కావొచ్చు, మాట్లాడింది నాతో."

పలక గోడవైపు తిప్పి పడుకున్నారు. సాయంత్రం దాకా హారను మోగలేదు. 

నేనూ పిలవలేదు. చూద్దాం ఎవరు నెగ్గుతారో.

జూన్ 11, బుధవారం

ఆయనే నెగ్గారు. మందుల వేళకు నేనే వెళ్లాను.

జూన్ 16, సోమవారం

అమ్మాయి ఎక్కడో వాకబు చేసి ఒకాయన్ని పట్టుకుంది. పాడైన డిస్కుల్లోంచి లోపలివి తీస్తాడట. మేడ మీద చిన్న గది. నగలు చేసేవాళ్లు కంటికి పెట్టుకునే అద్దం ఒకటి నుదుటి మీదికి తోసుకుని ఉంటాడు. అద్దాలాయన అంటున్నాను నేను.

చెవి దగ్గర పెట్టుకుని టిక్కు టిక్కు విన్నాడు. డాక్టరు కూడా మా ఆయన గొంతు అంత శ్రద్ధగా వినలేదు.

"లోపల పళ్లెం తిరుగుతోందమ్మా. దాని మీద మాటలు చదివే సూది దెబ్బతింది. చదవలేక వెనక్కి పోయి గోడకు కొట్టుకుంటోంది. ఆ చప్పుడది. ఇంక కరెంటు పెట్టకండి, పెట్టినకొద్దీ పళ్లెం గీసుకుపోతుంది."

"వేడికి పోయిందా?" అని అడిగాను. ఎందుకడిగానో.

"వేడి మంచిది కాదులెండి. అయితే ఈ మోడలు మామూలుగానే అంతంత మాత్రం. నా దగ్గరికి చాలా వచ్చాయి."

విన్నారా. మామూలుగానే అంతంత మాత్రం.

"బాగుచేస్తారా?"

"ఇదే మోడలు మంచిది ఇంకోటి ఉంటే దాని సూది తీసి దీనికి పెట్టి చూస్తాను. కానీ వీటి తయారీ ఆపేశారు. బజారులో దొరకవు. పైగా సీలు ఊడదీయాలి. ఊడదీస్తే మీ వారంటీ పోతుంది, ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికేముంది. అదే మోడలు మంచిది ఎక్కడుందో నాకు తెలుసు. సర్వీసు సెంటరు అద్దం వెనక ఉంది. పాతది ఇస్తే కొత్తది ఇస్తారు. కొత్తది ఎందుకంటే పాతదాన్ని బతికించడానికి. పాతది ఇచ్చేస్తే కొత్తదాన్ని నేనేం చేసుకోను, ఊరగాయ పెట్టుకోనా?

జూన్ 17, మంగళవారం

అన్నం సయించలేదు. ఆయన నా అన్నం పళ్లెం వైపు వేలు చూపించి రెండుసార్లు నొక్కారు. రెండంటే కాదు. ఏం కాదు? తినకపోవడం కాదనా? తిన్నాను.

జూన్ 20, శుక్రవారం

మళ్లీ సర్వీసు సెంటరుకు వెళ్లాను. కాపలావాడు నన్ను చూడగానే ట్రే దూరంగా జరిపాడు.

కళ్లజోడు అమ్మాయే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. దాచి ఏం లాభం? "పాతది కాసేపు నా దగ్గరే ఉంచుకుని, కొత్తది ముందు ఇచ్చే దారి ఏమైనా ఉందా తల్లీ?"

చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. "ఉందండీ. ఎవరూ అడగరు గానీ ఉంది. పని ఆగిపోకూడదని కొందరికి ముందే పంపిస్తాం. గడువులోగా పాతది తిరిగి పంపాలి."

"పంపకపోతే?"

"పంపకపోతే కొత్తదాని ధర వసూలు చేస్తారు."

"అంటే కొనుక్కున్నట్టేగా?"

"రూలులో అలా రాయలేదండీ..."

"దొంగతనమని రాశారా?"

"లేదు. ధర వసూలు చేస్తారని మాత్రమే రాశారు."

"అయితే కొనుక్కున్నట్టే. రాసుకో."

ఆ అమ్మాయికి నవ్వాగలేదు. "మా మేనేజరుకు మాత్రం చెప్పకండి మామ్మగారూ. మీరు పాతది పంపేస్తారనే నేను అనుకుంటున్నాను, సరేనా?"

"నీ ఇష్టం, ఏమైనా అనుకో. అనుకోవడానికి వారంటీ ఎందుకు?"

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. పోలీసులు వస్తే? మా అమ్మాయి మీద కేసు పెడితే? ఆయన్ని స్టేషనుకు రమ్మంటే ఆయన హారనుతో ఏం చెప్తారు?

అయినా వెనక్కి వెళ్లి వద్దని చెప్పలేదు. రాసుకోవాలి ఇది. చెప్పలేదు.

జూన్ 24, మంగళవారం

డిస్కు వచ్చింది. ఖాళీది. పెట్టె మీద "సరిచేసి పరీక్షించినది" అని రాసి ఉంది. అంటే ఇదీ ఒకసారి పాడైందే. ఇంకెవరి ఇంట్లోనో టిక్కుమంది. అందులో ఏముండేదో, ఎవరు పోగొట్టుకున్నారో.

శాలువాలో చుట్టబోయి ఆగిపోయాను. తువ్వాల్లో చుట్టాను.

జూన్ 25, బుధవారం

రెండూ అద్దాలాయనకు ఇచ్చాను. "గ్యారంటీ ఇవ్వలేనమ్మా" అన్నాడు.

"ఇవ్వకండి. ఇచ్చినవాళ్లను చూశాను."

జూలై 1, మంగళవారం

కబురు లేదు.

ఆయన ఇవాళ మూడుసార్లు నొక్కారు. వెళితే ఏం కావాలో చెప్పలేదు. పలక తీసి చాలాసేపు పట్టుకుని పక్కన పెట్టేశారు. నా చేతి సంచి వైపు చూశారు. డిస్కు గురించే అడగబోయారు. అడగలేదు. నేనూ చెప్పలేదు. నన్ను వదిలెయ్యమన్న మనిషికి నేనెందుకు చెప్పాలి?

జూలై 4, శుక్రవారం

కంపెనీ నుంచి ఫోను. మగ గొంతు, చాలా మర్యాదగా ఉంది.

"మేడమ్, మీ పాత డిస్కు ఇంకా మాకు అందలేదు."

"అందదు."

"అంటే మేడమ్, పోస్టులో పంపారా?"

"పంపలేదు. పంపను."

"నిబంధన ప్రకారం..."

"నిబంధన నాకు తెలుసు. ధర వసూలు చేసుకోండి. రసీదు ఇవ్వండి. మీరు అమ్మారు, నేను కొన్నాను."

"మేడమ్, పాడైన డిస్కు మీకు ఎందుకూ పనికిరాదు."

"పనికిరానిదైతే మీరెందుకు అడుగుతున్నారు?"

లైనులో ఉండమని పాట పెట్టాడు. పాట మొత్తం విన్నాను. భయపడే మనిషికి వినే ఓపిక బాగా ఉంటుంది. తిరిగొచ్చి "సరే మేడమ్, నమోదు చేసుకున్నాం" అన్నాడు.

ఫోను పెట్టేసి చూస్తే గుమ్మంలో ఆయన. అంతా విన్నారు. ఏమంటారోనని చూశాను.

పీప్. ఒక్కసారి.

ఔనట! ఇన్నాళ్లకు ఔనట. మొహం అటు తిప్పుకుని వంటింట్లోకి వచ్చాను. ఉల్లిపాయలు తరగాలి.

జూలై 11, శుక్రవారం

అద్దాలాయన ఫోను చేశాడు. రమ్మన్నాడు. వచ్చిందా అంటే "రండి" అన్నాడు. డాక్టర్లు కూడా ఇలాగే అంటారు.

చెప్పులు వేసుకుంటుంటే ఆయన కూడా చొక్కా తొడుక్కుని వచ్చారు. హారను జేబులో పెట్టుకున్నారు. జేబు కారు బానెట్టులా ఉబ్బింది. "అదెందుకండీ" అన్నా వినలేదు.

అద్దాలాయన మమ్మల్ని బల్ల ముందు కూర్చోబెట్టాడు. సీలు ఊడదీసిన రెండు డిస్కులూ పక్కన ఉన్నాయి. లోపలి పళ్లెం అద్దంలా మెరుస్తోంది. మధ్యలో బూడిదరంగు చార.

"ఆ చార ఉన్నమేర పోయిందమ్మా. చాలా పోయింది. మొదట్లో రాసిన కొంచెం చోటు బాగుంది. అక్కడినుంచి ఒక్కటే ముక్కలు కాకుండా వచ్చింది."

వకీలు పోయాడు. గ్యాసు బండ పోయింది. కరెంటు బిల్లు పోయింది. అమ్మాయి ఫోనులో చెరిపేసిన రోజు నేను పక్కనే నుంచుని "అన్నీ పోయాయా, ఇంకేమీ మిగల్లేదుగా" అని అడిగాను కూడా.

"పెట్టమంటారా?" అన్నాడు.

నేను ఆయన వైపు చూశాను. ఎప్పట్లా లేచి వీధిలోకి పోవచ్చు. పోలేదు. 

ముందు గరగరమంది. తర్వాత గొంతు సవరించుకోవడం. ఆ సవరింపుకే నాకు ఏడుపొచ్చింది, మాట ఇంకా రానేలేదు.

"హలో, హలో. పడుతోందా? పడుతోందట. ఏమోయ్, ఇలా రా. ఏం మాట్లాడను? ఇదిగో, ఈ కాగితం చదువుతాను. వారంటీ. ఆహా. ఈ వస్తువు కొన్న తేదీనుంచి మూడు సంవత్సరాలు..."

డిస్కు కొన్న రోజుది. అమ్మాయి మైకు తగిలించి పరీక్షగా ఏదో ఒకటి మాట్లాడు నాన్నా అంటే, పెట్టెలో వచ్చిన కార్డు తీసి చదివారు. డ్రైవింగు స్కూల్లో కొత్తవాళ్లకు రోడ్డు రూల్స్ చదివినట్టు, ఒక్కో అక్షరం నొక్కి. కింద పడితే చెల్లదు. నీళ్లలో పడితే చెల్లదు. సీలు ఊడదీస్తే చెల్లదు. "మరేం చెల్లుతుందయ్యా? బ్రేకు తొక్కితే చెల్లుతుందా?" మధ్యలో దూరంగా నా గొంతు: "దాని మీద దుమ్ము పడుతుందండీ, ఉండండి." వెంటనే ఆయన: "ఏమోయ్, ఆ శాలువా తియ్యి. దానికేం జలుబు చెయ్యదు."

అద్దాలాయన నుదుటి మీది అద్దం దించుకుని స్క్రూలు వెతకడం మొదలుపెట్టాడు. మంచివాడు.

ఆయనకు ముందునుంచీ తెలుసు. శాలువా. మొదటిరోజునుంచీ తెలుసు. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా పలక మీద రాయలేదు.

ఆయన ఇంకా చదువుతున్నారు, ఆ యంత్రంలో.

"డిస్కులో దాచుకున్న సమాచారానికి కంపెనీ ఎలాంటి పూచీ పడదు. విన్నావటోయ్? లోపల ఉన్నదానికి వాళ్ల పూచీ లేదట. అయితే అది నీ పూచీ. నిన్ను నమ్మే పెడుతున్నా. శాలువా తియ్యి ముందు."

అయిపోయింది.

పక్కన ఆయన భుజాలు ఎగురుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని భయపడి చూశాను. నవ్వుతున్నారు. చప్పుడు లేకుండా, కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వుతున్నారు. జేబులో చెయ్యి పెట్టి హారను నొక్కారు. మూడుసార్లు. 

"ఇక్కడే ఉన్నానండీ" అన్నాను.

జూలై 12, శనివారం

అమ్మాయి ఆ రికార్డింగును మూడుచోట్ల దాచింది. ఒకటి తన దగ్గర, ఒకటి నా ఫోనులో, ఒకటి అద్దాలాయన దగ్గర. మూడింటి మీదా కన్నేసి ఉంచడమెలాగో ఇంకా తెలియదు. దిగులు మూడింతలైంది.

పొద్దున వంటింట్లో పెట్టాను. ఆయన చెప్పులు వేసుకోలేదు. కుర్చీ తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చుని, "నీళ్లలో పడితే చెల్లదు" దగ్గర ఒకటి, "సీలు ఊడదీస్తే" దగ్గర ఒకటి హారను కొట్టారు.

సీలు ఊడిన రెండు డిస్కులూ రేకుపెట్టెలో పెట్టాను, బిల్లుతో, కార్డుతో, స్పాంజితో సహా. కంపెనీవాళ్లు అడిగితే ఇవ్వను.

శాలువా ఉతికి ఆరేశాను. ఆరాక ఆయనకు కప్పుతాను. జలుబు ఆయనకు చేస్తుంది.